దించిన బరువును నిలబెట్టే పరుగు

తెల్లవారుజామున అయిదున్నరకే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ రోడ్ల మీద జనం కనిపిస్తారు. తార్నాక వైపు నుంచి వచ్చే రిటైర్డ్ ఉద్యోగులు మెడకు తువ్వాలు చుట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ నడుస్తుంటారు. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే అబ్బాయిలు 1600 మీటర్లు, అమ్మాయిలు 800 మీటర్లు టైము చూసుకుంటూ ఉరుకుతుంటారు. వీళ్లందరి మధ్యా మరో రకం మనిషి ఉంటాడు. ఒంటి బరువు వంద కిలోలు. షుగరు అంచు మీద ఉందని రిపోర్టు వచ్చింది. కొత్త బూట్లు కొనుక్కున్నాడు. ఆర్ట్స్ కాలేజీ ముందు పరుగు అందుకుని, నాలుగు కరెంటు స్తంభాలు దాటేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని ఆగిపోతాడు. రెండు వారాలు తిరిగేసరికి మోకాలు నొప్పెట్టి మానేస్తాడు. ఈ అధ్యాయం ఆయన కోసం రాస్తున్నది. ఆయన పట్టుదలకు వంక పెట్టాల్సిన పని లేదు. పరుగుకు ఆయన అప్పజెప్పిన పని మాత్రం దానిది కాదు.

తార్నాకలో ఒక లెక్కల పుస్తకం

ఈ క్యాంపస్‌ను ఆనుకునే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిన 1918లోనే ఈ సంస్థ కూడా పుట్టింది. తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే ఒక్క గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ ప్రయోగశాల పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. కొలుత్తూరు గోపాలన్ వంటి శాస్త్రవేత్తలు ఇక్కడ పనిచేసిన కాలంలో దేశం ముందున్న ప్రశ్న ఆకలి. జొన్నలే ప్రధాన ఆహారంగా బతికే పేదలకు పెల్లాగ్రా ఎందుకు వస్తోంది, పసిపిల్లల ఒంట్లో నీరు ఎందుకు చేరుతోంది అని వాళ్లు వెతికారు. మనం తినే బియ్యం, పప్పులు, కూరగాయల్లో ఏమున్నదో కొలిచి పట్టికలుగా అచ్చు వేసిందీ ఈ సంస్థే.

ఆ పట్టికలు ఇప్పుడు ఇంకో అవసరానికి పనికొస్తున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు తెలంగాణలో సుమారు 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం. మగవాళ్ల పరిస్థితీ ఇంచుమించు ఇంతే. పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు దేశంలోని మొత్తం రోగభారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని చెప్పాయి. కాబట్టి మన వంద కిలోల మనిషి బరువు దిగేదెలా అన్న ప్రశ్నకు జవాబు ఆ పట్టికల దగ్గరే మొదలుపెడదాం.

కిలోమీటరు ఖరీదు

పరుగుకు ఎంత శక్తి ఖర్చవుతుందో 1963లో ఇటలీ శాస్త్రవేత్త రొడోల్ఫో మార్గారియా బృందం కొలిచింది. తేలిన లెక్క చాలా తేలికైనది. ఒక కిలో బరువును ఒక కిలోమీటరు దూరం పరుగున మోసుకుపోవడానికి దాదాపు ఒక కిలోకేలరీ చాలు. వేగంగా పరుగెత్తినా మెల్లగా పరుగెత్తినా దూరానికి అయ్యే ఖర్చులో పెద్ద తేడా రాదు. వంద కిలోల మనిషికి కిలోమీటరుకు వంద కిలోకేలరీలన్నమాట.

ఇప్పుడు పళ్లెం వైపు చూద్దాం. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కిలోకేలరీలు ఉంటాయి. మన మనిషి ఆపసోపాలు పడి మూడు కిలోమీటర్లు పరుగెత్తితే ఖర్చయ్యేది మూడు వందలు. పొద్దున పరుగెత్తానన్న ధైర్యంతో మధ్యాహ్నం పప్పులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి అదనంగా వడ్డించుకుంటే లెక్క సరికి సరి.

మొత్తం బరువు పరుగుతోనే దించాలనుకుంటే ఎంత దూరం పోవాలి? ఒంట్లోని ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీలు దాగి ఉంటాయి. ముప్పై కిలోలు దిగాలంటే రెండు లక్షల ముప్పై వేలు ఖర్చు పెట్టాలి. బరువు తగ్గేకొద్దీ కిలోమీటరు ఖర్చు కూడా తగ్గుతూ వస్తుంది కాబట్టి, సగటున కిలోమీటరుకు 85 వేసుకున్నా రెండు వేల ఏడు వందల కిలోమీటర్లు తేలుతుంది. హైదరాబాదు నుంచి ఢిల్లీ పోయి, తిరిగి నాగపూరు దాకా వచ్చినంత దూరం. అదీ తిండి ఒక్క ముద్ద కూడా పెరగకుండా.

అందుకే బరువు దిగడమనేది ముఖ్యంగా పళ్లెం దగ్గర జరిగే పని. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం, నూనె, తీపి తగ్గించడం, రాత్రి భోజనం పెందలాడే ముగించడం వంటివి రోజుకు అయిదారు వందల కిలోకేలరీలను ఇట్టే తగ్గించగలవు. అంత ఖర్చు పరుగుతో రాబట్టాలంటే కొత్తవాడి కాళ్లు ఓర్చుకోలేవు.

ఇంతకీ కరిగిన కొవ్వు ఎటు పోతుంది? చెమటగా కారిపోతుందని చాలామంది నమ్మకం. ఆస్ట్రేలియా పరిశోధకులు రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో దీని రసాయన లెక్క వేసి చూపించారు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల ద్వారానే బయటికి పోతాయి. మిగిలిన 1.6 కిలోలు నీరవుతాయి. ఇందుకు పీల్చుకోవలసిన ఆక్సిజన్ 29 కిలోలు. రెయిన్‌కోటు లాంటి చొక్కా తొడుక్కుని చెమటలు కార్చేవాళ్లు పోగొట్టుకునేది ఒంట్లోని నీళ్లే. ఒక చెంబు నీళ్లు తాగగానే ఆ బరువు వెనక్కి వస్తుంది.

ఆయాసం వెనక భాగాహారం

ఆర్ట్స్ కాలేజీ ముందు నాలుగు స్తంభాలకే ఆయాసం ఎందుకు వచ్చింది? ఇది ఒక భాగాహారం లెక్క.

గంటకు అయిదున్నర కిలోమీటర్ల వేగంతో నడిస్తే ఒంటి బరువులో ప్రతి కిలోకూ నిమిషానికి పదమూడు మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాలంటే ముప్పై కావాలి. ఎనిమిది అంటే క్యాంపస్ కుర్రాళ్లకు నడకతో సమానమనిపించే వేగం. కానీ నడక నుంచి పరుగుకు మారగానే ఆక్సిజన్ అవసరం రెట్టింపు దాటుతుంది.

ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని పనిచేసిన మన మనిషి గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కలిసి నిమిషానికి గరిష్ఠంగా 2.6 లీటర్ల ఆక్సిజన్ వాడగలవనుకుందాం. దాన్ని వంద కిలోలకు పంచితే కిలోకు 26 మిల్లీలీటర్లు వస్తాయి. పరుగుకు కావలసింది ముప్పై. ఆయన ఎంత గట్టిగా తలచుకున్నా ఆ వేగంలో ఒకటి రెండు నిమిషాలకు మించి నిలవలేడు. బద్ధకమనీ దమ్ము లేదనీ తనను తాను తిట్టుకోవడం అన్యాయం. ఆ రోజుకు ఆయన ఒంటికి పరుగు గరిష్ఠ పరిమితికి అవతల ఉంది.

ఇప్పుడు తిండి మార్చుకుని, నడుస్తూ, ఇరవై అయిదు కిలోలు దిగాడనుకుందాం. గుండె సామర్థ్యం ఏమీ పెరగకపోయినా అదే 2.6 లీటర్లను 75 కిలోలకు పంచితే దాదాపు 35 వస్తుంది. మొదట అసాధ్యమైన పరుగు ఇప్పుడు కష్టమైన పరుగు అవుతుంది. ఈలోగా సాధన వల్ల 2.6 కాస్తా 3 లీటర్లకు పెరిగితే కిలోకు 40 వస్తుంది. పరుగు ఇప్పుడు గరిష్ఠ సామర్థ్యంలో నాలుగింట మూడు వంతులే. పక్కనున్నవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడుతూ పోగలిగే స్థితి అది. తిండి ఈ లెక్కలో కింది అంకెను తగ్గిస్తుంది, సాధన పై అంకెను పెంచుతుంది. రెండూ కలిసినప్పుడే ఫలితం ఇంత పెద్దది.

ఒక్క అడుగులో ఏం జరుగుతుంది

నడకలో ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉంటుంది. నిటారుగా ఉంచిన కాలు మీదుగా ఒళ్లు లోలకంలా పైకెక్కి కిందికి దిగుతుంది. గంటకు సుమారు ఏడు కిలోమీటర్ల వేగం దాటాక ఈ పద్ధతి కంటే పరుగే చౌక. పరుగులో రెండు పాదాలూ ఒక్క క్షణం గాలిలో ఉంటాయి. ఆ తర్వాత మొత్తం బరువు ఒకే కాలు మీద పడుతుంది.

ఆ పడే క్షణాన్ని దగ్గరగా చూడండి. పాదం నేలను తాకుతుంది. చీలమండ వంగుతుంది, మోకాలు వంగుతుంది, అరికాలి వంపు కాస్త చదునవుతుంది. మడమ వెనక చేత్తో పట్టుకుంటే తాడులా తగిలే అకిలెస్ స్నాయువు సాగుతుంది. సాగడంలో కొంత శక్తిని దాచుకుని, మరుక్షణం పాదం లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. ఇదంతా సెకనులో మూడో వంతు లోపే. ఆ కొద్దిసేపట్లో నేల పాదాన్ని ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలంతో పైకి నెడుతుంది. వంద కిలోల మనిషికి అది రెండు వందల యాభై కిలోల బరువు మోసినట్టే. నెమ్మది పరుగులో కిలోమీటరుకు వెయ్యికి పైగా అడుగులు పడతాయి.

బరువు దిగడం వల్ల ముందు బాగుపడేది ఇక్కడే. అమెరికాలో స్టీఫెన్ మెసియర్ బృందం 2005లో మోకాళ్లు అరిగిన పెద్దవయసు వాళ్లను పరీక్షించింది. మామూలు నడకలోనే ఒక కిలో తగ్గితే ఒక్కో అడుగుకు మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గుతోందని తేల్చింది. అయిదు కిలోలు దిగిన మనిషి మోకాలికి ప్రతి అడుగులో ఇరవై కిలోలు మిగిలినట్టు. అందుకే లావుపాటి మనిషికి మొదటి నెలల్లో నడకే సరైన దారి.

పరుగు మోకాళ్లను అరగదీస్తుందన్న భయం మనలో బాగా ఉంది. అమెరికాలో పాల్ విలియమ్స్ డెబ్భై వేలకు పైగా పరుగువాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వాళ్లలో కీళ్ల అరుగుదల ఎక్కువగా కనిపించలేదు. ఒంటి బరువు తక్కువగా ఉండటం అందుకు ఒక కారణం. ప్రమాదం పరుగులో కంటే తొందరలో ఎక్కువ. డెన్మార్క్‌లో రాస్మస్ నీల్సన్ బృందం కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లను గమనించి, ఊబకాయం ఉన్నవాళ్లు మొదటి వారంలో మొత్తం మీద మూడు కిలోమీటర్లలోపు పరుగుతో సరిపెట్టుకుంటే మంచిదని సూచించింది.

తొందర ఎందుకు పుడుతుందో కూడా శరీరధర్మ శాస్త్రం చెబుతుంది. ఒంట్లోని భాగాలన్నీ ఒకే వేగంతో అలవాటు పడవు. సాధన మొదలుపెట్టిన వారం రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా పెరిగి గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది. కొన్ని వారాల్లో కండరకణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎముక తనను తాను తవ్వుకుని మళ్లీ కట్టుకునే ఒక్క చక్రానికే మూడు నాలుగు నెలలు కావాలి. ఆరో వారంలో ఊపిరి తేలికపడి, ఇంకో రెండు కిలోమీటర్లు పోవచ్చుననిపిస్తుంది. గుండె సిద్ధమైంది, కాలి ఎముక ఇంకా కాలేదు. పిక్క ఎముక లోపలివైపు నొప్పి, మడమ కింద పొద్దున్నే పొడిచినట్టుండే నొప్పి చాలామందికి సరిగ్గా ఈ దశలోనే వస్తాయి. ఊపిరి ఒప్పుకున్నా కాళ్ల కోసం ఆగడమే ఈ సాధనలో అన్నిటికంటే కష్టమైన పాఠం.

దిగిన బరువు ఎందుకు ఎక్కుతుంది

బరువు దించడం కంటే దిగినచోట నిలబడటం చాలా కష్టం. ఇందులోనూ మనసుకంటే ఒంటి పాత్రే ఎక్కువ. ఆస్ట్రేలియాలో ప్రియా సుమిత్రన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, పది వారాల పథ్యంతో బరువు దిగినవాళ్లకు ఏడాది తర్వాత కూడా ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువగానూ, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తక్కువగానూ ఉన్నాయి. అమెరికాలో కెవిన్ హాల్ బృందం ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు దిగిన పద్నాలుగు మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించింది. వాళ్లు సగటున 58 కిలోలు దిగి, అందులో 41 కిలోలు మళ్లీ ఎక్కారు. ఆరేళ్లయినా వాళ్ల ఒళ్లు విశ్రాంతిలో ఖర్చు పెట్టే శక్తి, ఆ బరువుకు ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కిలోకేలరీలు తక్కువగా ఉంది. కరువు వచ్చిందనుకుని ఒళ్లు పొదుపు చేస్తోంది. కరువుల్లో మన పూర్వీకులను బతికించింది ఈ గుణమే.

పరుగు అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఆ పద్నాలుగు మందిలో బరువు నిలబెట్టుకున్నవాళ్లను, మళ్లీ ఎక్కినవాళ్లను పోల్చితే స్పష్టంగా కనిపించిన తేడా శారీరక శ్రమ. నిలబెట్టుకున్నవాళ్లు తమ శ్రమను చాలా ఎక్కువగా పెంచుకున్నారు. అమెరికాలో రీనా వింగ్, జేమ్స్ హిల్ 1994లో మొదలుపెట్టిన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో, కనీసం పదమూడున్నర కిలోలు దిగి ఏడాదికి పైగా నిలబెట్టుకున్న వేలాది అమెరికన్ల వివరాలున్నాయి. వాళ్లలో ఎక్కువమంది రోజుకు సుమారు గంటసేపు ఏదో ఒక వ్యాయామం చేస్తారు, అందులో ముఖ్యమైనది నడక.

ఇంకా గట్టి ఆధారం డెన్మార్క్ నుంచి 2021లో వచ్చింది. తక్కువ కేలరీల ఆహారంతో సగటున 13 కిలోలు దిగిన 195 మందిని నాలుగు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వ్యాయామం, ఒకదానికి ఆకలి తగ్గించే లిరాగ్లుటైడ్ మందు, ఒకదానికి రెండూ, ఒకదానికి మందు లేని ఉత్త ఇంజెక్షన్. ఏడాది తర్వాత ఉత్త ఇంజెక్షన్ జట్టుతో పోలిస్తే వ్యాయామం జట్టు నాలుగు కిలోలు, మందు జట్టు దాదాపు ఏడు కిలోలు, రెండూ కలిపిన జట్టు తొమ్మిదిన్నర కిలోలు మెరుగ్గా ఉన్నాయి. అన్నీ ఆపేసిన మరో ఏడాది తర్వాత చూస్తే, వ్యాయామం అలవాటైనవాళ్లే ఎక్కువగా నిలదొక్కుకున్నారు. మన దేశంలో 2025 నుంచి టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు బరువు కోసం అమ్ముడుపోతున్న ఈ రోజుల్లో గుర్తుంచుకోదగ్గ ఫలితం ఇది.

మన ఒంటి ప్రత్యేకత

బరువు తూచే మిషను మనవాళ్ల విషయంలో పూర్తి కథ చెప్పదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన వేయించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతో చెప్పే సూచిక) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. భారతీయులకు సన్నగా కనబడే ఒంట్లో కూడా కండ తక్కువ, పొట్టలో కొవ్వు ఎక్కువ. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని వైద్యులు లెక్కిస్తారు. నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

అసలే కండ తక్కువైన మనం కేవలం కడుపు మాడ్చుకుని బరువు దిగితే, దిగినదాంట్లో దాదాపు నాలుగో వంతు కండ వగైరా అయి ఉంటుంది. కండ పోతే మోకాలికి ఆసరా పోతుంది, తిన్న చక్కెరను దాచుకునే చోటూ పోతుంది. కాబట్టి ప్రతి పూటా పప్పో గుడ్డో పెరుగో మాంసమో ఉండాలి. వంద గ్రాముల కందిపప్పులో ఇరవై గ్రాములకు పైగా ప్రోటీను ఉంటుంది. వారానికి రెండు రోజులు గుంజీలు, మెట్లెక్కడం, మడమలెత్తి దించడం వంటివి చేస్తే తొడలూ పిక్కలూ నిలుస్తాయి.

మొదలుపెట్టే పద్ధతి

మొదట రెండు మూడు నెలలు నడక. ముప్పై నలభై నిమిషాలు చురుగ్గా నడిచినా ఆయాసం రాని స్థితికి చేరాక, ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. పరుగులో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. నొప్పి మర్నాటి పొద్దుటికీ మిగిలి ఉన్నా, నడక తీరు మారినా, మళ్లీ నడకకు దిగాలి.

ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు పైకి రాకముందే ముగించాలి. పరుగులో ఖర్చయ్యే శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగానే బయటపడుతుంది. బరువైన ఒళ్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది, దాన్ని బయటికి పంపే చర్మం మాత్రం ఆ నిష్పత్తిలో పెరగదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు పరుగులో చక్కెర బాగా పడిపోవచ్చు, మోతాదు మార్చాల్సి రావచ్చు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి.

దిగిన బరువును నిలబెట్టడానికి రోజుకు గంట చొప్పున, ఏళ్ల తరబడి కదలాలని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే ఆ గంట గడపడానికి ఇంటికి దగ్గర్లో, డబ్బు కట్టనక్కర్లేని, చెట్ల నీడా వీధిదీపాలూ ఉన్న రోడ్డు ఏళ్ల తరబడి ఉండాలి. చీకటితో వచ్చే ఆడపిల్ల కూడా భయం లేకుండా పరుగెత్తగలగాలి. తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ వాసులకు ఉస్మానియా క్యాంపస్ చాలావరకు అలాంటి చోటు. నగరంలో ఎక్కువ బస్తీలకు ఆ మాత్రం కూడా లేదు, ఫుట్‌పాత్ కూడా లేదు. పళ్లెంలో ఏముండాలో చెప్పే సంస్థ మన ఊళ్లోనే ఉంది. నడిచే దారి ఇవ్వాల్సిన బాధ్యత ఊరిది. షుగరు మాత్రలకు, మోకాలి ఆపరేషన్లకు పెట్టే ఖర్చును వైద్యమని లెక్క రాసుకునే ప్రభుత్వాలు బస్తీకొక మైదానానికి పెట్టే ఖర్చునూ అదే పద్దులో రాయాలి.